బి.పి. చీటీలో ఆ రెండు అంకెలు

"నాకు బి.పి. ఏమిటండీ! తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, మేడమెట్లు గబగబా ఎక్కేస్తాను" అంటూ మందుబిళ్ళలు మానేసేవారు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. వారి మాటలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. రక్తపోటు ఎక్కువైనా చాలామందికి ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియదు. లోలోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాలు, కంటిలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటూనే ఉంటాయి. పక్షవాతమో, గుండెపోటో వచ్చిననాడు గాని తమకు బి.పి. ఉన్న సంగతే కొందరికి తెలియదు. అందుచేత దీన్ని కొలిచి తెలుసుకోవలసిందే గాని, ఒంట్లో ఎలా ఉందో చూసుకుని చెప్పగలిగేది కాదు.

డాక్టరుగారు చీటీ మీద 130/80 అని రాస్తారు. ఏమిటీ రెండు అంకెలు? గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె. రెండు స్పందనల నడుమ గుండె సడలినప్పుడు మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. ఆ ఒత్తిడికి పాదరసం ఎన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుందన్నదే కొలత. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి చేతికి చుట్టే పట్టీతో పరికరం తయారుచేశాడు. స్టెతస్కోపుతో చప్పుళ్ళు విని రెండు అంకెలూ పట్టుకునే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరోట్కోవ్ చెప్పాడు. ఇప్పుడు మీట నొక్కితే అంకెలు చూపే మిషన్లు ఇళ్ళలోకి వచ్చాయి. కొలత మాత్రం నేటికీ పాదరసం లెక్కలోనే.

పెద్దవారికి 120/80 లోపు ఉంటే మంచిది. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే రక్తపోటు ఉన్నట్టే. రెండిటిలో ఏ ఒక్కటి పెరిగినా చాలు. ఇంట్లో చూసుకునేవారికి ఆ హద్దు 135/85.

ఒక్కసారి ఎక్కువ కనిపించిందని బెంబేలెత్తకండి. మెట్లెక్కి వచ్చినా, ఎవరితోనైనా మాటామాటా అనుకున్నా, డాక్టరుగారిని చూసి జంకినా అంకె పెరుగుతుంది. కొలతకు ముందు అరగంట సేపు కాఫీ, టీ, సిగరెట్టు ముట్టకండి. మూత్రవిసర్జన చేసి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఆనించండి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టాలి. లావుపాటి చేతికి చిన్నపట్టీ చుడితే లేని బి.పి. ఉన్నట్టు చూపుతుంది సుమా! కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. నిమిషం ఆగి మళ్ళీ చూసి, తేదీ, వేళతో సహా రెండు కొలతలూ ఒక నోటుపుస్తకంలో రాయండి. ఒక్క అంకె కన్నా వారం రోజుల లెక్క డాక్టరుగారికి ఎంతో ఉపయోగం.

బిళ్ళలు వేసుకుంటే బి.పి. దిగుతుంది. "తగ్గింది కదా" అని మానేయడం, వానలో గొడుగు పట్టుకున్నవాడు "తడవలేదు కదా" అని గొడుగు మూసేయడం లాంటిదే. మోతాదు తగ్గించాలన్నా, మార్చాలన్నా డాక్టరుగారే చెప్పాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

180/120 దాటితే కొద్ది నిమిషాలాగి మళ్ళీ చూడండి. అప్పటికీ దిగకపోతే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే మాత్రం అంకె ఎంతైనా సరే, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ముప్ఫై దాటిన ప్రతివారూ ఏ జబ్బూ లేకపోయినా ఏడాదికొకసారి బి.పి. చూపించుకోవాలి. గర్భిణులు వెళ్ళిన ప్రతిసారీ చూపించుకోవాలి. చేతికి పట్టీ చుట్టించుకోవడానికి పట్టేది పది నిమిషాలు. పక్షవాతం వస్తే మంచం పట్టేది మీరొక్కరే కాదు, ఇల్లంతానూ.