కేసు ముగిసినా వీడని మచ్చ

వర్షాభావం వెంటాడే అనంతపురం ప్రాంతంలో వేరుశనగ చేతికి రాని ఏడాది బెంగళూరుకో గల్ఫ్ దేశాలకో వలస పోవడం దశాబ్దాలుగా ఉన్నదే కాబట్టి, పాస్‌పోర్టు విచారణలోనో సెక్యూరిటీ గార్డు కొలువుకు జరిపే పోలీసు పరిశీలనలోనో బయటపడే పాత కేసు ఇక్కడి పేదవాడి బతుకుదెరువునే దెబ్బతీయగలదు. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో కోర్టు ఉత్తర్వుతో నేరచరిత్రను చెరిపివేయించుకునే వీలుండగా, భారతదేశంలో వయోజనులందరికీ వర్తించే అలాంటి చట్టం లేదు. కేసు ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి ఇక్కడ దారులు వేరవుతాయి.

పొలం గట్టు తగాదాలో చేయి చేసుకుని స్వల్ప గాయం చేశారన్న కేసునే తీసుకుంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షన్ కింద ఇరుపక్షాలు రాజీపడవచ్చు, ఆ రాజీ నిర్దోషిగా విడుదలైన దానితో సమానమవుతుంది. ఆరోపణలన్నీ నిజమనుకున్నా అందులో నేరమే కనిపించనప్పుడు, 528వ సెక్షన్ కింద కేసును కొట్టివేయాలని హైకోర్టును కోరవచ్చు. దీన్నే వాడుకలో క్వాష్ పిటిషన్ అంటారు. ప్రధానంగా వ్యక్తిగతమైన తగాదాల్లో రాజీ ఆధారంగానూ కేసు కొట్టివేయవచ్చని, హత్య, అత్యాచారం వంటి ఘోర నేరాలకు అది కుదరదని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో స్పష్టం చేసింది. విచారణ సాగుతుండగానే విదేశానికి వెళ్లవలసి వస్తే, 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతితో పరిమిత కాలానికి పాస్‌పోర్టు పొందవచ్చు.

శిక్ష పడినవారికి అప్పీలే ప్రధాన మార్గం. సత్ప్రవర్తన షరతుపై కోర్టు విడిచిపెట్టినవారికి 1958 నాటి ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ అనర్హతల నుంచి రక్షణ ఇస్తుంది కానీ, నేరం రుజువైందన్న నిర్ణయాన్ని చెరపదు. రికార్డునే నాశనం చేయాలన్న ఆదేశం ఉన్నది 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్‌లో. పదహారేళ్లు నిండి, ఘోర నేరానికి పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్న బాలలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

కోర్టులో కేసు ముగిసినా స్టేషన్‌లో రౌడీషీట్ మిగిలిపోవడం మరింత బాధాకరం. సహేతుకమైన అనుమానం లేనిదే ఎవరి పేరునూ నిఘా రిజిస్టరులో చేర్చరాదని మలక్‌సింగ్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వంటి సమూహాలను పుట్టుకతోనే అనుమానితులుగా ముద్ర వేసి, దేశవ్యాప్తంగా 1952లో గానీ రద్దు కాలేదు. ఆ ముద్ర పోలీసు రికార్డుల్లో కొనసాగకూడదన్న ఆందోళనతోనే, బలహీన వర్గాల అమాయకులపై యాంత్రికంగా హిస్టరీషీట్లు తెరవకుండా చూడాలని అమానతుల్లాఖాన్ కేసులో 2024లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు సూచించింది. కారణం లేకుండా షీట్ కొనసాగితే, 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు.

ఏ దారిలో నడవాలన్నా ముందుగా కావలసింది తీర్పు ధ్రువీకృత ప్రతి. దాన్ని పోలీసు అధికారులకు అర్జీతో జతచేసి ఇచ్చి, రసీదు తీసుకోవాలి. దరఖాస్తు ఫారం అడిగినప్పుడు కేసును దాచకూడదు, ఎందుకంటే నిర్దోషిగా విడుదలైనా దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కాగలదని 2016 నాటి అవతార్‌సింగ్ తీర్పును బట్టి తెలుస్తోంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, అల్పాదాయ వర్గాలకు, కరువు బాధితులకు 1987 చట్టం ప్రకారం జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూరుస్తుంది. అయితే అమరావతిలోని హైకోర్టు దాకా ప్రయాణించే భారం ఎప్పటికీ కూలివాడి మీదే ఉండకూడదు. కోర్టు నిర్దోషి అన్న రోజునే పోలీసు రికార్డు కూడా దానంతటదే మారే ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత.