అమిగాకి పెద్ద డిస్కు పెడుతున్నారా?

ముప్పై ఏళ్ళు దాటిన హోమ్ కంప్యూటర్‌కి పెద్ద హార్డ్‌డిస్కు తగిలిస్తే ఏమవుతుంది? మొరాయిస్తే నయమే. మొరాయించకుండా పనిచేస్తేనే చిక్కు!

1992లో వచ్చిన కొమడోర్ అమిగా 1200నే తీసుకోండి. కీబోర్డు, కంప్యూటరు ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి మా పుంగ్గోల్ ఫ్లాట్లలో కూడా ఇమిడిపోతుంది. లోపల ఐడీఈ కనెక్టరు ఉంది, లాప్‌టాప్ డిస్కు పడుతుంది. అందులో 80 జీబీ డిస్కు పెట్టారనుకుందాం. పాత 3.0, 3.1 రోముల్లోని డిస్కు డ్రైవరు చోటుని బైట్లలో లెక్కపెడుతుంది. ఆ లెక్క 32 బిట్లలోనే పట్టాలి. అంటే సుమారు 429 కోట్ల బైట్లు, మన వాడుకలో 4 జీబీ.

అది దాటితే ఎర్రరేమీ రాదు. పాత స్కూటరు మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాకి తిరిగినట్టు, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అయిదో జీబీలో రాయాల్సిన ఫైలు మొదటి జీబీలో పడుతుంది. పార్టిషన్ పట్టిక ఉండేది డిస్కు మొదట్లోనే! డిస్కు నిండేదాకా నెలల తరబడి అంతా బాగానే ఉంటుంది, అందుకే ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

చవకైన మందు: పార్టిషన్లన్నీ మొదటి 4 జీబీ లోపే కట్టి, మిగతాది ముట్టుకోకండి. వృథా అనిపిస్తే 4 జీబీ కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టండి. అలా అమ్మేవాటిలో ఉండేది దాదాపు 400 కోట్ల బైట్లే కనుక హద్దు దాటదు, చప్పుడూ ఉండదు. మొత్తం డిస్కు కావాల్సిందే అంటే, 2018లో వచ్చిన అమిగా ఓఎస్ 3.1.4 కొని రోము చిప్పులు కూడా మార్చుకోండి. ఏం చేసినా, ముందు పాత డిస్కుని పీసీలోకి పూర్తిగా కాపీ తీసుకున్నాకే.