గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి

సంక్రాంతి సెలవులకి మా అక్క కొడుకు హాస్టల్ నించి మండపేట వచ్చాడు. కలువపువ్వు సెంటర్లో బస్సు దిగాడని తెలిసి ఎదురెళ్ళాను. కుడికాలు మడమ మీద ఆనించి, వేళ్ళు పైకెత్తి నడుస్తున్నాడు. "ఏంట్రా ఆ నడక?" అంటే, "ఏం లేదు మావయ్యా, బూటు రాసుకుందంతే" అన్నాడు. భోగి నాడు తలంటుకి పిలిచినా గదిలోంచి సాక్సుతోనే వచ్చి, సాక్సుతోనే పోయాడు. "ఆడికి సిగ్గెక్కువైపోయిందిరా" అని మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వేసాను.

కనుమ నాటి మధ్యాహ్నం వాడు నిద్రపోతుంటే దుప్పటి తొలిగింది. ముందు వాసనొచ్చింది, తర్వాత వేలు కనపడింది. బొటనవేలు వంకాయ రంగుకి తిరిగి ఉబ్బిపోయింది. గోరు పక్కన దానిమ్మ గింజంత ఎర్రటి కండ తడితడిగా పైకి లేచింది. దాని కిందనించి చీము కారుతోంది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"దసరా సెలవుల ముందు నించి."

అంటే మూడు నెలల పైమాట. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే వాడన్న మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది: "చెప్తే గోరు మొత్తం పీకేస్తారంట మావయ్యా. రన్నింగు ఆపేయమంటారు." వాడికి పదిహేడేళ్ళు. అగ్నివీర్‌కి వెళ్ళాలని పొద్దున్నే లేచి 1,600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఆ వేలితోనే.

ఇది రాయడానికి కారణం అదే. నేను డాక్టర్ని కాదు. మా ఇంట్లో చేసిన తప్పులు, ఆసుపత్రిలో సర్జన్ గారు ఓపిగ్గా విడమర్చి చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. మీలో ఎవరో ఒకరు ఇప్పుడు సాక్సులో వేలు దాచుకునే ఇది చదువుతుంటారని నాకు అనుమానం.

ఇది గోరుచుట్టు కాదు

మన ఇళ్ళల్లో గోరు దగ్గర ఏం వాచినా గోరుచుట్టే అంటాం. మా అమ్మా అదే అంది. నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడగమంది. పక్కింటావిడ పసుపూ సున్నం కలిపి పట్టించమంది. ఇంకొకాయన వచ్చి ఆ లేచిన కండ మీద మైలుతుత్తం రాస్తే మాడిపోద్ది అన్నాడు.

గోరుచుట్టులో గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి సూక్ష్మజీవులు దూరి చీము పడుతుంది. మావాడిది వేరు. ఇక్కడ గోరే దోషి. గోరు అంచు పక్కనున్న మెత్తటి కండలోకి దిగి, ముల్లులా గుచ్చుకుంటుంది. ఒంట్లోకి ముల్లు దిగితే ఒళ్ళు ఊరుకోదు కదా, అక్కడ వాపు తెస్తుంది. వాచిన కండ గోరుని ఇంకా నొక్కుతుంది. గోరు ఇంకా లోపలికి దిగుతుంది. ఆ పుండు దారిన సూక్ష్మజీవులు దూరి చీము పట్టిస్తాయి. మానాలని ఒళ్ళు కొత్త కండ పుట్టిస్తుంది గానీ, ముల్లు అక్కడే ఉంది కాబట్టి ఆ కండ మానదు, ముట్టుకుంటే నెత్తురు కారుతుంది. మేం చూసిన ఆ ఎర్రటి గింజ అదే. అది గడ్డా కాదు, కేన్సరూ కాదు. దాన్ని తుత్తంతోనో సున్నంతోనో కాలిస్తే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా కాలుద్ది, లోపల ముల్లు మాత్రం అలాగే ఉంటుంది.

డాక్టర్లు దీన్ని మూడు మెట్లుగా చూస్తారు. మొదటి మెట్టులో ఎర్రదనం, కొంచెం వాపు, నొక్కితే నొప్పి. రెండో మెట్టులో చీము. మూడో మెట్టులో కండ పెరగడం. మొదటి మెట్టు ఇంట్లో సర్దుకునేది. మావాడు మూడు మెట్లూ ఎక్కేసి మా దగ్గరికొచ్చాడు.

మీ వయసుకే ఎందుకొస్తుంది

పదిహేను, పదహారేళ్ళప్పుడు కాలు గబగబా పెరుగుతుంది. బూటు పెరగదు. జూన్‌లో సరిపోయిన బూటు డిసెంబరుకి ముందు పట్టేస్తుంది. అయినా ఏడాదంతా అదే జత. పైగా ఆ వయసులో కాళ్ళకి చెమట ఎక్కువ. మన డెల్టా ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. నానిన చర్మం మెత్తబడి గోరు దిగడానికి దారిస్తుంది. బంతి తన్నినప్పుడు, రాయికి కొట్టుకున్నప్పుడు తగిలే దెబ్బలు ఉండనే ఉన్నాయి. కొందరికి గోరు పుట్టుకతోనే వంపు తిరిగి ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద తప్పు గోరు తీసుకునే పద్ధతిలో ఉంది. చేతి గోళ్ళు తీసినట్టే కాలి గోళ్ళు కూడా మూలల్లో గుండ్రంగా, లోతుగా కోసేస్తాం. మావాడైతే హాస్టల్లో బ్లేడుతో కోసి, మూలన మిగిలింది చేత్తో పీకేవాడంట. అలా పీకినప్పుడు లోపల కంటికి కనపడని చిన్న ములుకు మిగిలిపోతుంది. గోరు ముందుకి పెరిగే కొద్దీ ఆ ములుకు కండలోకి దిగుతుంది. నొప్పెట్టిందని మళ్ళీ మూల కోస్తాం. రెండ్రోజులు హాయిగా ఉంటుంది. మళ్ళీ ములుకు, మళ్ళీ నొప్పి. ఈసారి ఇంకా లోతుగా.

మూడు కోర్సులు మింగినా ఎందుకు తగ్గలేదు

వాడు మరీ ఏమీ చెయ్యకుండా లేడు. హాస్టల్ దగ్గర మందుల షాపులో వేలు చూపించి మూడుసార్లు యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చుకున్నాడు. ప్రతిసారీ మూడు రోజులకి చీము తగ్గింది, బిళ్ళలు ఆపేసాడు. మళ్ళీ వారానికి మొదలు.

సర్జన్ గారు ఒక్క మాటలో తేల్చేసారు: "ముల్లు తియ్యకుండా మందు వేస్తే ఏం లాభం బాబూ?" చుట్టుపక్కలకి పాకుతున్న ఇన్‌ఫెక్షన్‌ని ఆపడానికి యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు. కానీ లోపల గుచ్చుకున్న గోరుని ఏ బిళ్ళా కరిగించదు. సగం సగం కోర్సులు పదే పదే వాడితే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందుకి లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి. ఊళ్ళో తెలిసినాయన ఇచ్చినా, షాపువాడు ఇచ్చినా, డాక్టరు చూడకుండా రెండోసారి అదే మందు మింగకండి.

మొదటి మెట్టులో ఉంటే ఇంట్లో ఏం చెయ్యొచ్చు

చీము లేకుండా, ఎర్రగా ఉండి నొప్పి మాత్రమే ఉంటే ఇలా చెయ్యండి.

గోరువెచ్చటి నీళ్ళల్లో కొంచెం ఉప్పేసి 15, 20 నిమిషాలు కాలు పెట్టుకోండి. రోజుకి రెండు మూడుసార్లు. తర్వాత వేళ్ళ సందులతో సహా పొడిగా తుడవండి. నానడం వల్ల గోరూ చర్మం మెత్తబడతాయి. అప్పుడు శుభ్రంగా కడుక్కున్న చేత్తో కండని గోరు నించి పక్కకి మెల్లగా లాగుతూ ఉండండి. కుదిరితే శుభ్రమైన దూది పోగు చిన్నది తీసుకుని గోరు మూల కింద పెట్టండి, అంచు కండ మీదనించి లేస్తుంది. ఆ దూది రోజూ మార్చాలి. బలవంతంగా దూర్చకూడదు. పిన్నీసుతో కెలకడం, బ్లేడు పెట్టడం అస్సలొద్దు.

బూటు మానేసి, వేళ్ళు తెరిచి ఉండే చెప్పులు వేసుకోండి. గోరు మూల కండ దాటి బయటికొచ్చేదాకా దాన్ని కొయ్యకండి. కాలి బొటనవేలి గోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా మాత్రమే పెరుగుతుంది. అందుకే ఇది వారాల పని. కొన్ని రోజులు చేసినా నొప్పి తగ్గకపోతే, లేదా చీము కనపడితే, ఇంటి వైద్యం అక్కడితో ఆపేసి ఆసుపత్రికెళ్ళండి.

పుండుతో చేలోకి మాత్రం దిగకండి. మాకిది దాళ్వా నాట్ల కాలం. మావాడు అలాగే ఒక పూట బురదలో దిగి సాయం చేసాడంట. మట్టి తగిలిన పుండుకి ధనుర్వాతం భయం ఉంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నించి లెప్టోస్పైరోసిస్ కూడా చర్మం తెగిన చోటనించే ఒంట్లోకి పోతుంది. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకి చెప్పండి.

ఇక ఒక్కరోజు కూడా ఆగకూడని గుర్తులు

వాపు, ఎర్రదనం వేలు దాటి పాదం మీదకి పాకుతుంటే. ఎర్రటి గీత కాలి మీదకి ఎక్కుతుంటే. చలిజ్వరం వస్తే. గజ్జల్లో బిళ్ళ కడితే. వేలు నల్లబడితే, స్పర్శ పోతే. వీటిలో ఏ ఒక్కటి కనపడినా ఆ రోజే ఆసుపత్రికి.

గజ్జల్లో బిళ్ళ కట్టి జ్వరమొస్తే మన దగ్గర పెద్దాళ్ళు "బోదజ్వరం" అనుకుని ఊరుకుంటారు. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. గోదావరి జిల్లాలు ఎప్పట్నించో బోదకాలు ఉన్న ప్రాంతం. రాజమండ్రిలో దీని మీద పనిచెయ్యడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖే ఉంది. కానీ వేలి మీద చీముంటే ముందు చూడాల్సింది ఆ వేలునే. ఇంట్లో నిజంగా బోదకాలు ఉన్నవాళ్ళుంటే వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్ళకి కాలి మీద చిన్న పుండు చాలు, జ్వరం తిరగబెట్టడానికి. షుగరున్నవాళ్ళు మొదటి మెట్టులోనే డాక్టరు దగ్గరికెళ్ళాలి, ఇంటి వైద్యం వాళ్ళకి వద్దు.

నెలల తరబడి చీము కారితే అది ఎముక దాకా పోయే ప్రమాదం ఉంది. అందుకే మావాడికి ముందు ఎక్స్‌రే తీయించారు. ఈ వయసులో ఒక్కోసారి గోరు కింద ఎముకే బొడిపెలా పెరిగి ఇలాంటి బాధే పెడుతుందంట, అది కూడా ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఎముకకి ఏమీ కాలేదని చెప్పినప్పుడు మా అక్క అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చేసింది.

ఆ అరగంట

మావాడు మూడు నెలలు భయపడింది దీని గురించే కాబట్టి, చూసింది చూసినట్టు చెప్తాను.

పడుకోబెట్టి, వేలు మొదట్లో రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. అది నొప్పే, అబద్ధం చెప్పను. కొన్ని సెకన్లు పళ్ళు బిగించాడు. పదినిమిషాలకి వేలు మొద్దుబారింది. నెత్తురు రాకుండా వేలు మొదట్లో రబ్బరు పట్టీ బిగించారు. మొత్తం గోరు పీకలేదు. కండలోకి దిగిన పక్క సన్నటి పేలిక మాత్రం వేరు దాకా కోసి తీసేసారు. ఆ పేలిక చివరన ములుకు ఉంది. వాడికి చూపిస్తే "ఇంతేనా?" అన్నాడు. తర్వాత ఆ పక్క గోరు మళ్ళీ మొలవకుండా వేరు దగ్గర ఫినాల్ అనే మందు అద్దారు. పట్టీ తీసేసి, కట్టు కట్టారు. అరగంట పట్టలేదు.

ఆ ఫినాల్ సంగతి గుర్తుపెట్టుకోండి. గోరు ఊరికే పీకేస్తే అది మళ్ళీ పెరుగుతుంది, చాలామందికి మళ్ళీ దిగుతుంది. పక్క పేలిక తీసి, వేరుకి ఫినాల్ పెడితే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. "మొత్తం పీకేద్దాం" అని ఎవరైనా అంటే, "పక్క మాత్రం తీసి, వేరుకి మందు పెట్టడం కుదరదాండీ?" అని మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు. ఇది చిన్న ఆపరేషను, సర్జన్ ఉన్న ప్రభుత్వాసుపత్రిలో చెయ్యగలిగేదే. మీ దగ్గర కుదరకపోతే మన జిల్లాల వాళ్ళకి కాకినాడ పెద్దాసుపత్రి ఉండనే ఉంది.

వాడు అదే రోజు చెప్పులేసుకుని నడిచొచ్చాడు. రెండ్రోజులు కాలు దిండు మీద పెట్టుకున్నాడు. మత్తు దిగాక నొప్పికి పారాసిటమాల్ సరిపోయింది. ఫినాల్ పెట్టినచోట రెండు మూడు వారాలు తడి ఊరుతుందని, అది చీము కాదని ముందే చెప్పారు. కట్టు మారుస్తూ, పొడిగా ఉంచుకుంటూ వచ్చాం. నెల తిరక్కుండా వేలు మామూలు రంగుకొచ్చింది. గోరు కొంచెం సన్నంగా కనపడుతుంది, అంతే.

తప్పు వేలిది కాదు

వాడు మూడు నెలలు అంతమంది మధ్య ఉన్నాడు. రూంమేట్లకి వాసనొచ్చింది, ఎగతాళి చేసారు. పీటీ సారు నడక చూసి "బద్ధకం" అన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే మేం అడిగింది మార్కులు. "కాలెలా ఉంది" అని ఎవరం అడుగుతాం? హాస్టళ్ళల్లో నెలకోసారి పిల్లల కాళ్ళు చూడ్డానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు, రెండు నిమిషాలు తీరికున్న వార్డెన్ చాలు. బూటు పట్టేస్తోందని పిల్లోడు చెప్తే కొత్త జత కొనడం ఖర్చు కాదు, ఆదా.

గోళ్ళు అడ్డంగా, తిన్నగా తియ్యండి. మూలలు వదిలెయ్యండి. మరీ పొట్టిగా కొయ్యకండి. బూటులో వేళ్ళు కదలాలి. సాక్సు రోజూ మార్చండి. నొప్పి మొదలైన వారంలో ఇంట్లో ఎవరో ఒకరికి చూపించండి. అమ్మకి చెప్పడం సిగ్గయితే మావయ్యకి చెప్పండి, ఆయన నవ్వితే రెండోసారి చెప్పండి.

మావాడు మార్చిలో మళ్ళీ గ్రౌండుకెళ్ళాడు. మొదటి రోజు పరుగు అయ్యాక ఫోన్ చేసి టైమింగు చెప్పలేదు. "మావయ్యా, నొప్పి లేదు" అన్నాడు.