జాతరంటే ఏంది, తిరునాళ్ళంటే ఏంది?

జాతర, తిరునాళ్ళు, కొలుపు, తీర్థం, సంబరం. ఊరంతా కలిసి దేవుడికి చేసే పండగకి మన తెలుగులో ఇన్ని పేర్లున్నాయి. చిన్నప్పటి నించి అనేస్తా ఉన్నామే గానీ ఆ మాటల లోపల ఏముంది అని చూసింది లేదు. నేను చదివింది ఐదో క్లాసు. రింగు ఫ్రేముల మధ్య తెగిన నూలు అతికిస్తా బతికినవాణ్ణి. మాటల గురించి రాయడానికి వీడెవడు అని మీరడగొచ్చు. కాలేజీలో చరిత్ర చదివే మా మనవరాలు ఒక మాట చెప్పింది. అది బుర్రలో దూరి కదలడం లేదు, అందుకని రాస్తా ఉన్నా.

ఆ మాట గ్రీకు వాళ్ళది. పనెగిరిస్. రెండు వేల ఐదు వందల ఏళ్ళ కిందట వాళ్ళ దేవుళ్ళ పెద్ద పండగల్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళంట. పన్ అంటే అంతా. అగిరిస్ అంటే జనం కూడడం. అందరూ ఒక చోట కూడడం అన్నమాట. చూడండి, ఆ మాటలో దేవుడి పేరు లేదు, పూజ లేదు, బలి లేదు. మనుషులు కూడడం ఒక్కటే ఉంది. మామూలు పండగకి వాళ్ళకి హెయొర్తే అని వేరే మాట ఉంది. నాలుగు దిక్కుల నించి జనం వచ్చిపడితే అది పనెగిరిస్.

మనం టీవీలో చూసే ఒలింపిక్స్ మొదట అట్లాంటి జాతరే. ఒలింపియా అనే చోట జ్యూస్ అనే దేవుడికి నాలుగేళ్ళకొకసారి చేసేవాళ్ళు. క్రీస్తు పూర్వం 776 నించి లెక్క చెబుతారు. అప్పట్లో గ్రీకు ఊళ్ళు ఒకదాంతో ఒకటి కొట్టుకుంటానే ఉండేవి. అయినా ఆ పండగ దగ్గర పడితే చాటింపు వేసేవాళ్ళు: దేవుడి దగ్గరకు పోయేవాళ్ళను, తిరిగొచ్చేవాళ్ళను దారిలో ఎవరూ ముట్టుకోకూడదు. ఒక పక్క ఎద్దుల్ని బలిచ్చేది, ఒక పక్క పరుగు పందేలు, ఇంకో పక్క అంగళ్ళు. స్ట్రాబో అనే పాతకాలం పెద్దమనిషి పనెగిరిస్ అంటే ఒక రకంగా వ్యాపారమే అని రాసిపెట్టాడంట. గాజుల అంగడి, బొరుగుల అంగడి లేని జాతర మనకు మాత్రం ఉందా! గ్రీసు పల్లెల్లో ఇప్పటికీ ఆ మాట బతికే ఉంది. ఊరి చర్చి పండగ రోజు తిండి, పాట, ఆట. దాన్ని పనిగిరి అంటారు. దేవుళ్ళు మారిపోయారు, మాట మిగిలింది.

ఇక మన మాటలు. జాతర అనేది సంస్కృతం యాత్ర నించి వచ్చింది. యాత్ర అంటే పోవడం. గ్రీకువాళ్ళు కూడడాన్ని చూసి పేరు పెడితే, మనవాళ్ళు నడిచి పోవడాన్ని చూసి పెట్టారు. రెండేళ్ళకొకసారి మేడారం సమ్మక్క సారలమ్మ దగ్గరకు అడవి దారిన పోయే జనాన్ని చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా పెట్టారో తెలుస్తుంది. తిరుపతి గంగమ్మకు, వెంకటగిరి పోలేరమ్మకు కూడా జాతర అనే అంటాం. కోనసీమలో కనుమ రోజు ప్రభలు మోసుకుపోయేదాన్ని తీర్థం అంటారు. మాటలు వేరు, జనం పోవడం ఒకటే.

తిరునాళ్ళు మాటతో తమాషా ఉంది. అది అరవమాట. తిరు అంటే పవిత్రమైన, నాళ్ అంటే రోజు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయే పల్నాడు రైతు అరవమాట మాట్లాడుతున్నట్టు అనుకోడు. ఇక్కడ మన పక్కింటి తమిళామె ఊరి పండగని తిరువిళా అంటుంది, పొంగల్ తిరునాళ్ అని కూడా అంటుంది. సరిహద్దు దాటి పోయిన మాట అక్కడ మనదైపోయింది. ఇవతలికి వచ్చిన మనం మాత్రం ఇంకా వడుగర్లమే. నవ్వుకుందాం.

ఇంగ్లీషు హాలిడే కూడా అదే అర్థం అంట. హోలీ డే, పవిత్రమైన రోజు. మిల్లు నోటీసు బోర్డు మీద ఆ మాట ఎన్ని వందలసార్లు చూశామో. అది తిరునాళ్ళేనని ఎవరికి తెలుసు! మాకు దాని అర్థం సంబళంతో సెలవు, అంతే. ఈ రాష్ట్రంలో 1958లో చేసిన చట్టం ఒకటి ఉంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, ఇవి కాక ఏడాదికి ఇంకో ఐదు పండగ రోజులకు సంబళంతో సెలవు ఇవ్వాలి. ఐదే. పొంగలి, దీపావళి, ఆయుధపూజ అని లెక్క పెట్టుకుంటా పోతే నేను పనిచేసిన మిల్లులో మన ఉగాదికి చోటు దొరకలేదు. ఉగాది పచ్చడి తిని షిఫ్టుకు పోయిన ఏళ్ళే ఎక్కువ. పోకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

అందరూ కూడితే ఏమవుతుందో ఈ పేట వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వంద ఏళ్ళ కిందట బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల దగ్గర సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు అని ఇద్దరు వ్యాపారులుండేవాళ్ళు. వెంకటేశ గుణామృత వర్షిణి సభ అని పెట్టి భక్తి ఉపన్యాసాలు చెప్పించేవాళ్ళు. మిల్లు జనం వినడానికి వచ్చేవాళ్ళు. విన్నాక ఊరికే ఇంటికి పోతారా? మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే టైము చాలడం లేదని ఒకరు, మేస్త్రీ కొట్టాడని ఒకరు చెప్పుకునేవాళ్ళు. ఆ ఇద్దరూ పోయి బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో మొట్టమొదటి కార్మిక సంఘాల్లో అదొకటి. దేవుడి కథ వినడానికి కూడినవాళ్ళు సంఘమై లేచారు. పనెగిరిస్ అంటే ఏందని మనవరాలు అడిగితే నేను చెప్పింది ఈ సంగతే.

ఇప్పుడు మా వీధి సంగతి చెప్పాలి. ఆడి నెలలో గంగమ్మకు అంబలి పోస్తాం. మిల్లు నడిచిన రోజుల్లో చందా వసూలు పెద్ద పనే కాదు. సంబళం రోజు సాయంత్రం గేటు దగ్గర పుస్తకం పట్టుకొని నిలబడితే చాలు, అందరూ ఆ గేటులోనించే రావాలి కదా. ఇప్పుడు గేటూ లేదు, సంబళం రోజూ లేదు. ఒకరు ఆటో తోలతారు, ఒకరు వాచ్‌మన్, ఆడవాళ్ళు నాలుగిళ్ళలో పనికి పోతారు. గుడిసెలు తీసేసినప్పుడు కొందరిని కన్నగి నగరుకు, కొందరిని పెరుంబాక్కానికి పంపించేశారు. ఈసారి కమిటీ పిల్లలు ఏమన్నారంటే, పోయినవాళ్ళ పేర్లు చందా పుస్తకంలోనించి తీసేద్దాం, అంత దూరం పోయి వసూలు చేసేదెవరు, ఆ డబ్బుకు బదులు లోకల్ పార్టీ ఆయన మైకుసెట్టు, లైట్లు ఇస్తానన్నాడు అని.

పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. పరుగెత్తేది వాళ్ళే, మేం కుర్చీలో కూర్చొని మాట్లాడతాం. అయినా ఆ మాట నేను ఒప్పుకోలేదు. పెరుంబాక్కం నించి రెండు బస్సులు మారి వచ్చిన ఒక వదిన ఆ రోజు అక్కడే ఉంది. ఆమె అనింది, "చందా అడగలేదంటే మేము ఈ వీధోళ్ళం కాదనే కదా అర్థం. యాభై రూపాయలు నాకు బరువు కాదు, అడక్కపోవడం బరువు." కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

లైట్లు ఎవరిచ్చినా వెలుగుతాయి. జాతరకు కావాల్సింది వచ్చే మనుషులు. ఒలింపియాకు దారిలో అడ్డం రాకూడదని చాటింపు వేశారే, మనం ఒక ఫోను చేయలేమా? కమిటీ మొత్తానికి పేర్లు ఉంచడానికి ఒప్పుకుంది. వసూలుకు దూరం పోనక్కర లేదు, వచ్చిన రోజే ఇస్తారు. మీ బంధువులు ఎవరైనా కన్నగి నగరులో, పెరుంబాక్కంలో, సెమ్మంజేరిలో ఉంటే చెప్పండి: ఆడి నెల మూడో ఆదివారం, పొద్దున పది గంటలకు అంబలి. వచ్చేటప్పుడు చెంబు తెచ్చుకోమనండి. పోయినసారి చాల్లేదు.