మనలోని నలుగురు

తొలకరి వాన వెలిసిన సాయంత్రం. వీధివెంట పారుతున్న వాననీటిలో ఐదేళ్ల పిల్లవాడు కాగితపు పడవను వదిలాడు. అది రెండడుగులు సాగి బోర్లాపడింది. వాడు కేరింతలు కొట్టి మరొక పడవ చేయసాగాడు. అరుగుమీద కూర్చొని ఆ దృశ్యాన్ని చూస్తున్న తండ్రికి తాను కూడా ఒక పడవను వదలాలని మనస్సు ఉవ్విళ్లూరింది. లేచి రెండడుగులు వేశాడో లేదో, ఎదురింటి తలుపు తెరచుకున్న చప్పుడయింది. ఆయన వెనుదిరిగి వచ్చి, గంభీరంగా కూర్చున్నాడు. ఎదురింటివారు ఆయనను ఒక్క మాటైనా అనలేదు. కనీసం ఆయనవైపు చూడనైనా లేదు. అయినా "ఈ వయస్సులో ఇదేం పని? నలుగురూ ఏమనుకుంటారు?" అన్న ప్రశ్న ఆయనకు స్పష్టంగా వినిపించింది. ఆ ప్రశ్న వేసినదెవరు?

ఆ నలుగురూ వీధిలో లేరు. ఆయన మనస్సులోనే ఉన్నారు. మనం చేసే ప్రతి పనినీ తూచి, తప్పులెన్ని, తీర్పు చెప్పే ఈ లోపలి గొంతును అంతర్విమర్శకుడు అనవచ్చు. పసివాడికి ఈ గొంతు వినపడదు. వాడు గోడమీద బొగ్గుతో గీసిన వంకర గీత వాడికి ఏనుగే. పాట పాడేటప్పుడు శ్రుతి తప్పుతానేమోనన్న భయం వాడికి ఉండదు. బడికి వెళ్లి, తన బొమ్మను పక్కవాడి బొమ్మతో పోల్చుకోవడం నేర్చిన తరువాత ఈ గొంతు మెల్లగా తలెత్తుతుంది. "ఇది ఏనుగా, ఎలుకా?" అని ఒకరు నవ్విన నవ్వు, "నీకు పాట రాదులే" అని మరొకరు అన్న మాట మనస్సులో నిలిచిపోతాయి. అన్నవారు మరచిపోయినా ఆ మాటలు మరపునకు రావు. కౌమారదశలో మన రూపం, మాట, నడక అన్నీ ఇతరుల కంటికి ఎలా కనిపిస్తున్నాయోనన్న చింత అధికమవుతుంది. మార్కులు, ర్యాంకులు ఆ చింతకు ఆజ్యం పోస్తాయి. చివరకు నవ్వేవారు ఎవరూ లేకపోయినా మనల్ని మనమే నవ్వులపాలు చేసుకొని, బొమ్మను వేయకముందే చించివేస్తాము.

అయితే అంతర్విమర్శకుడు మనకు శత్రువని భావించరాదు. పరీక్ష వ్రాసిన తరువాత జవాబులను సరిచూసుకోమనేది అతడే. కోపంలో వ్రాసిన ఉత్తరాన్ని పంపకుండా చేయి పట్టుకొని ఆపేది కూడా అతడే. చిక్కంతా అతడు వచ్చే వేళలోనే ఉన్నది. పొలంలో కలుపు తీయడం అవసరమే. కాని విత్తనం చల్లిన మరునాడే కొడవలి పట్టుకొని పొలంలో దిగిన రైతు కలుపుతోపాటు మొలకను కూడా పోగొట్టుకుంటాడు. కొత్త ఆలోచన, కొత్త విద్య, కొత్త ఆట మొలకల వంటివి. అవి కొంత ఎదిగేవరకు విమర్శను గట్టుమీద నిలిపి ఉంచడమే వివేకం. ఈ సంగతిని తమ జీవితాలలో నిరూపించిన పెద్దలు ఉన్నారు.

రిచర్డ్ ఫైన్‌మన్ అమెరికా దేశపు భౌతిక శాస్త్రవేత్త. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు నిర్మాణ పథకంలో పనిచేసి, 1945లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరారు. అదే సంవత్సరం ఆయన భార్య క్షయవ్యాధితో మరణించింది. మరుసటి సంవత్సరం తండ్రి కన్నుమూశారు. పాఠాలు చెప్పగలుగుతున్నా పరిశోధన మాత్రం ముందుకు సాగలేదు. కాగితం ముందు పెట్టుకుంటే ఒక్క ఆలోచనా వచ్చేది కాదు. ఇతర సంస్థలు ఆయన ప్రతిభను మెచ్చి గొప్ప పదవులు ఇస్తామంటూ ఆహ్వానించిన కొద్దీ, ఆ అంచనాలకు తాను తగననే బాధ ఇంకా పెరిగింది. అప్పటికాయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. తన పని ఇక ముగిసినట్లేనని నమ్మారు.

ఆ స్థితిలో ఆయన తన గతాన్ని తరచి చూసుకున్నారు. బాల్యంలోను, యౌవనంలోను భౌతికశాస్త్రం తనకు ఆటగా ఉండేది. కుళాయి నుండి జారే నీటిధార కిందికి పోయేకొద్దీ ఎందుకు సన్నబడుతుందో తెలుసుకోవాలనిపిస్తే తెలుసుకునేవారు. దానివల్ల శాస్త్రానికి ప్రయోజనం ఉన్నదా అని ప్రశ్నించుకునేవారు కాదు. ఇకమీదట కూడా ప్రాముఖ్యంతో పనిలేకుండా, తనకు ముచ్చటగొలిపిన సమస్యలతో ఆడుకోవాలని నిశ్చయించుకున్నారు.

కొద్దిరోజులకే విశ్వవిద్యాలయ భోజనశాలలో ఒక వ్యక్తి సరదాకు పళ్లాన్ని గాలిలోకి ఎగురవేశాడు. పళ్లెం తిరుగుతూ, అటూ ఇటూ ఊగుతూ పైకి లేచింది. దానిమీది ఎర్రని విశ్వవిద్యాలయ చిహ్నం తిరిగే వేగం, పళ్లెం ఊగే వేగం ఒకటి కావని ఫైన్‌మన్ గమనించారు. వెంటనే లెక్కకట్టడం ప్రారంభించారు. ఊపు స్వల్పంగా ఉన్నప్పుడు ఆ రెండు వేగాల మధ్య రెండింతల తేడా ఉంటుందని తేలింది. ఈ విషయాన్ని సహాచార్యుడు హాన్స్ బెతేకు చెప్పగా, బాగానే ఉన్నది గాని దీని ప్రాముఖ్యమేమిటని ఆయన అడిగారు. ప్రాముఖ్యమేమీ లేదనీ, వినోదం కోసమే చేస్తున్నాననీ ఫైన్‌మన్ నవ్వుతూ సమాధానమిచ్చారు. పళ్లెం ఊగిసలాట నుండి ఆయన దృష్టి ఎలక్ట్రాన్ చలనంమీదికి మళ్లింది. అక్కడినుండి మధ్యలో విడిచిపెట్టిన పాత సమస్యలవద్దకు తిరిగి చేరుకున్నారు. క్వాంటం విద్యుద్గతిక శాస్త్రంలో చేసిన కృషికి 1965లో జూలియన్ ష్వింగర్, తొమోనాగా అనే శాస్త్రవేత్తలతోపాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ కృషికంతటికీ ఊగే పళ్లెంతో ఆడిన ఆటే మూలమని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఇందులో మరొక ముచ్చట ఉన్నది. 1985లో వెలువడిన తన జ్ఞాపకాల గ్రంథంలో ఫైన్‌మన్ ఆ రెండు వేగాలను తారుమారు చేసి చెప్పారు. చిహ్నమే రెండింతల వేగంతో తిరుగుతుందని వ్రాశారు. వాస్తవానికి ఊపే రెండింతలు. పాఠకులలోని శాస్త్రజ్ఞులు ఆ పొరపాటును పట్టుకొని సరిదిద్దారు. ఆట ముందు, దిద్దుబాటు తరువాత. ఈ వరుసలో దేనికీ లోటు రాలేదు.

ఆడుకునే వేళ మన మెదడులో ఏం జరుగుతుంది? 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఈ విషయంలో ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. ఆరుగురు జాజ్ పియానో విద్వాంసులను మెదడు పనితీరును చిత్రించే యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కీబోర్డును వాయింపజేశారు. కంఠస్థం చేసిన బాణీని వాయించినప్పటికంటె, అప్పటికప్పుడు కల్పించి వాయించినప్పుడు మెదడు ముందుభాగంలో స్వీయ పర్యవేక్షణకు, అదుపునకు సంబంధించిన ప్రాంతాల చురుకుదనం తగ్గింది. తనలోని భావాన్ని వెల్లడించడానికి సంబంధించిన మరొక ప్రాంతం చురుకుగా పనిచేసింది. మన సంగీతంలో మనోధర్మమని పిలిచే కల్పన కూడా ఇటువంటిదే. ఆరుగురితో చేసిన పరీక్షనుబట్టి అందరికీ వర్తించే సిద్ధాంతం చేయలేము. కాని వాయించే వేళ తీర్పరి ఒక అడుగు వెనుకకు తగ్గుతాడన్న కళాకారుల అనుభవానికి ఇది అనుగుణంగా ఉన్నది. ఒక్క మాట మరువరాదు. ఆ విద్వాంసులు ఏళ్లతరబడి సాధన చేసినవారు. విమర్శకుడు సాధనవేళ తన పని తాను చేసి ఉన్నందువల్లనే కచేరీవేళ విశ్రమించగలిగాడు.

రవీంద్రనాథ్ ఠాగూర్ అనుభవం ఇంతకంటె విచిత్రమైనది. చిత్రలేఖనం మీద ఆయనకు మొదటినుండి మక్కువ. 1900 సంవత్సరంలో మిత్రుడైన జగదీశ్ చంద్రబోస్‌కు వ్రాసిన లేఖలో తాను బొమ్మలు వేస్తున్న సంగతి తెలియజేస్తూ, తనచేతిలో పెన్సిలు కంటె రబ్బరుకే ఎక్కువ పని పడుతున్నదని హాస్యమాడారు. అంతర్విమర్శకుడికి ఇంతకంటె చక్కని చిత్రం ఉండదు. గీసినదానికంటె చెరిపినది ఎక్కువ. అందువల్ల చిత్రకారుడుగా ఆయన చాలాకాలం వెలుగులోకి రాలేదు.

అరవై ఏళ్లు దాటిన తరువాత ఆ కథ మలుపు తిరిగింది. కవితల వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలు, పంక్తులు కాగితంమీద గాయాలవలె కనిపించగా, ఆయన వాటిని సరదాగా గీతలతో కలపసాగారు. కొట్టివేతలు పక్షులైనాయి, వింత మృగాలైనాయి, ముఖాలైనాయి. 1924లో అర్జెంటీనాలో ఉన్నప్పుడు 'పూరవి' కవితల వ్రాతప్రతిలో ఈ ఆట ముమ్మరమైంది. వాటిని చూసి ముచ్చటపడిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో తోడ్పాటుతో 1930లో పారిస్ నగరంలో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన జరిగింది. అప్పుడాయనకు అరవై తొమ్మిదవ ఏడు నడుస్తున్నది. జీవితాంతానికి ఆయన వేసిన చిత్రాలు రెండు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. ఒకనాడు బొమ్మలను చెరిపిన చేయి, మరొకనాడు చెరిపివేతల నుండే బొమ్మలను పుట్టించింది. ఆ చేతికి చిత్రకళాశాలలో క్రమశిక్షణ లేదు. మారినది ఆయన తన తప్పులను చూసిన చూపు.

ఆటకు తోడబుట్టినది ఆశ్చర్యం. విశాఖపట్టణంలో బాల్యాన్ని గడిపిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండునుండి ఓడలో తిరిగివస్తూ మధ్యధరా సముద్రపు నీలివర్ణాన్ని చూసి అబ్బురపడ్డారు. సముద్రం ఎందుకు నీలంగా ఉంటుందన్నది పసివాడు అడిగే ప్రశ్న. ఆకాశపు నీలమే నీటిలో ప్రతిఫలిస్తున్నదని లార్డ్ రేలీవంటి మహాశాస్త్రజ్ఞుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. పెద్దలు తేల్చిన విషయాన్ని మళ్లీ అడిగితే నవ్వుతారని రామన్ వెనుకాడలేదు. తనవద్దనున్న చిన్న పరికరంతో ఓడమీదనే పరిశీలించారు. ఆకాశపు ప్రతిబింబాన్ని తొలగించి చూసినా నీలం తరగలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన నిర్ధారించారు. కాంతి పరిక్షేపణమీద అలా సాగిన పరిశోధన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితంగా, 1930లో నోబెల్ బహుమతిగా ఫలించింది.

ఈ కథలు విన్నవారు ఆట అంటే బహుమతికి దారి అనుకొనే ప్రమాదం ఉన్నది. బహుమతి కోసం ఆడితే అది మరొక పరీక్ష అవుతుంది. మన పూర్వులు ఆటను ఆటగానే నిలుపుకొనడానికి చక్కని ఏర్పాటు చేశారు. సంక్రాంతినాడు మేడమీద గాలిపటం ఎగురవేసే తాతను చూసి ఎవరూ వింతపడరు. తెలంగాణలో బతుకమ్మ చుట్టూ అమ్మమ్మ, అమ్మ, మనుమరాలు ఒకే వలయంలో చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. బతుకమ్మను 'ఆడడం' అంటారే గాని ప్రదర్శించడం అనరు. గొంతు బాగున్నవారు, లేనివారు అక్కడ సమానులే. ఏ నలుగురికి జంకి మనం ముడుచుకుంటామో, పండుగనాడు ఆ నలుగురూ మనతోపాటు ఆడుతారు. పండుగ ఇచ్చే ఈ అనుమతిని మామూలు రోజులలో మనకు మనమే ఇచ్చుకోవలసి ఉన్నది.

అది ఎలాగు? పనికీ, దిద్దుబాటుకూ వేర్వేరు వేళలను కేటాయించడం మొదటి మెట్టు. వ్యాసం వ్రాసేటప్పుడు మొదటి ప్రతిని కొట్టివేతలు లేకుండా చివరివరకు వ్రాసి, మరునాడు ఎర్రసిరా పట్టవచ్చు. మార్కులు లేని ఒక పనిని, చక్కగా చేయలేమని తెలిసిన పనిని, రోజుకు కొద్దిసేపైనా చేయడం రెండవది. బొమ్మ గీయవచ్చు, ఈల వేయవచ్చు, చీమలబారు వెంట నడవవచ్చు. లోపలి గొంతు అడ్డుతగిలితే దానితో వాదించనక్కరలేదు. "నీ మాట వింటాను, కొంచెం ఆగి రా" అంటే చాలును. ఆ గొంతు తప్పును చూపడం మాని, "నీవెందుకూ పనికిరావు" అని రాత్రింబగళ్లు వేధిస్తున్నట్లయితే మాత్రం అది విమర్శ కాదు. అప్పుడు ఒంటరిగా సహించక తల్లిదండ్రులకో, అధ్యాపకులకో, వైద్యులకో చెప్పుకోవాలి. అలా చెప్పుకోవడం పిరికితనం కాదు.

చివరగా మరొక మాట. మన మనస్సులో నలుగురు ఉన్నట్లే, ఇతరుల మనస్సులోని నలుగురిలో మనం కూడా ఒకరం. తరగతిలో తప్పుగా జవాబు చెప్పిన మిత్రుణ్ణి చూసి మనం నవ్విన నవ్వు అతని చెవిలో ఎన్నేళ్లు మోగుతుందో మనకు తెలియదు. మెచ్చుకోలుగా పలికిన ఒక్క మాట కూడా అంతకాలం నిలువవచ్చు.

వానకాలం మళ్లీ వస్తుంది. వీధివెంట నీరు మళ్లీ పారుతుంది. అరుగుమీది తండ్రి లేచి కాగితపు పడవను నీటిలో వదిలితే, ఎదురింటి తలుపు తీసినవారు ఏమంటారో ఎవరు చెప్పగలరు? బహుశా వారు కూడా ఒక కాగితం కోసం లోపలికి వెళ్తారేమో!