కుక్కపిల్లకి రీటేకులుండవు!

ఫిలింనగర్లో వుంటున్నామంటే చాలు, చుట్టాలంతా తారల కబుర్లే అడుగుతారు. ఈమధ్య మాత్రం అందరూ అడుగుతున్నది మా 'రాజు' గురించే! రాజంటే ఏ కొత్త హీరోనో అనుకునేరు... మా సందు చివర పుట్టి, రెండో నెలలో మా ఇంటికొచ్చిన వీధి కుక్కపిల్ల!

2022లో వచ్చిన '777 చార్లి' లాంటి బొమ్మ చూస్తే మన పిల్ల కూడా వారంలో అన్నీ నేర్చేసుకుంటుందనిపిస్తుంది. కానీ తెరమీది కుక్క వెనక నెలల తరబడి శిక్షణ వుంటుంది. షాటు చెడితే మరో టేకుంటుంది. ఇంట్లో పిల్లకి అలా కాదు. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా ఏది స్నేహమో, ఏది భయమో దాని బుర్రలో ముద్ర పడిపోతుంది. ఆ వయసు దాటితే దిద్దడం చాలా కష్టం.

అందుకే వచ్చిన రోజునుంచే కాల్షీటు మొదలు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే పెరట్లోకి! పని కానిచ్చిందా... "శభాష్" అని అక్కడికక్కడే ఉడికించిన కోడి ముక్క. ఇంట్లో తడిపితే తిట్టం, కొట్టం. అయిపోయినదానికి తిడితే దానికి అర్థమయ్యేది మనిషంటే భయపడాలనే! తర్వాత మంచం కింద చాటుగా కానిస్తుంది. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఆపుకోలేదు కనుక అర్ధరాత్రి కూడా లేవాల్సిందే. "ఇంకా నయం, దానికి మేకప్‌మాన్‌ని పెట్టలేదు" అని మా అమ్మ దెప్పుడు!

నాలుగో నెలలో పాలపళ్ళు వూడుతుంటే చెప్పులన్నీ హతం. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ ముడి ఇస్తే చిగుళ్ళకి హాయి. చెయ్యి కొరికిందా, ఆట ఆపి లేచిపోవడమే.

అసలు గుండెదడ పార్వో జబ్బుతో. వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లని మింగేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారో వారం దాకా విడతలవారీగా టీకాలు వేయించాలి. మూడో నెలలో రేబిస్ టీకా. అవి పూర్తయ్యేదాకా రోడ్డుమీద దించకూడదు. అలాగని లోకం చూపించకపోతే పిరికిదవుతుంది! దీనికి విరుగుడు... ఎత్తుకు తిప్పడం. రోజూ సాయంత్రం భుజాన వేసుకుని దైవసన్నిధానం గుడిగంటలు, చెక్‌పోస్టు హారన్లు, మెట్రో రైలు చప్పుడు, షూటింగు జనరేటర్ల రొద అన్నీ వినిపించాం. ఇప్పుడు ఆరో నెల. పెళ్ళి బ్యాండు వెళ్తున్నా కన్నెత్తి చూడదు!

కొనేవారికో మాట. 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర అది నేర్చుకునేది మనం నేర్పలేం. దత్తత తీసుకుంటే మరీ మంచిది. అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ వున్నది మన జూబ్లీహిల్స్‌లోనే. 2025 ఆగస్టులో కార్పొరేషన్ వారు బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా కూడా పెట్టారు.

అయితే, ముద్దొచ్చి తెచ్చుకుని, అల్లరెక్కువైందని ఆరో నెలలో వదిలేస్తే ఆ ప్రాణి ఇటు ఇంటికీ, అటు వీధికీ చెందకుండా పోతుంది. ఇది వందరోజుల బొమ్మ కాదు సుమా, పన్నెండేళ్ళ బంధం. కాల్షీట్లు ఇవ్వగలమో లేదో చూసుకుని మరీ బుక్ చేసుకోండి!