కోల్‌కతా దారిలో టోల్: ఖరగ్‌పూర్ తెలుగువారికి ఎంపిక ఉన్నదెక్కడ?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో న్యూ సెటిల్‌మెంట్ పాత రైల్వే కాలనీ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వచ్చిన కుటుంబాల తరువాతి తరాలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఆ తరాల్లో చాలామందికి ప్రయాణం అంటే రైలే. ఉద్యోగికి పాస్ ఉంటుంది, స్టేషన్ ఇంటికి దగ్గర. ఇప్పుడు కొన్ని ఇళ్ల ముందు కార్లు చేరాయి. దాంతో మిగతా దేశంలాగే ఇక్కడా ఒక ప్రశ్న వస్తోంది: కోల్‌కతా వెళ్లడానికి టోల్ కట్టే రోడ్డు మేలా, కట్టనక్కర్లేని రోడ్డు మేలా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, అసలు రెండు రోడ్లు ఉన్నాయో లేదో చూడాలి.

పాత రోడ్డే టోల్ రోడ్డు

ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా వైపు వెళ్లేది 16వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చకముందు ఈ భాగం 6వ నంబరు రహదారి. స్థానికులు ఇప్పటికీ బాంబే రోడ్ అంటారు. స్వర్ణ చతుర్భుజిలో కోల్‌కతా-చెన్నై అంచు ఇదే. డంకుని నుంచి ఖరగ్‌పూర్ వరకు సుమారు 111 కిలోమీటర్లను ఆరు వరుసలుగా విస్తరించే పనిని బిఓటి పద్ధతిలో అశోకా బిల్డ్‌కాన్ సంస్థకు అప్పగించారు. దారిలో డెబ్రా, ధూలాగఢ్ దగ్గర రెండు టోల్ ప్లాజాలు వస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రజలు అంతకుముందు వాడుతున్న రోడ్డు పక్కన కొత్తగా మరో టోల్ రోడ్డు వేయలేదు. ఆ రోడ్డునే వెడల్పు చేసి టోల్ పెట్టారు. ఊళ్ల మధ్య చిన్న రోడ్లు ఉన్నా కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్, ఆ తర్వాత దామోదర్ దాటాలి. దగ్గర్లో ఉన్న వంతెనలు ఈ రహదారి మీదివే. అందువల్ల ఈ దూరానికి టోల్ లేని దారి కాగితం మీద గీయొచ్చు గానీ, కారు వేసుకుని వెళ్లే కుటుంబానికి అది పనికిరాదు.

విజయవాడ-హైదరాబాద్ మధ్య తిరిగేవారికీ ఇది తెలిసిన పరిస్థితే. అక్కడ పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాలు ఉన్నదీ విస్తరించిన పాత రహదారి మీదే.

రేటు ఎలా నిర్ణయిస్తారు?

జాతీయ రహదారులపై టోల్ వసూలుకు ఆధారం 1956 నాటి జాతీయ రహదారుల చట్టం. రేట్లకు ఆధారం 2008 నిబంధనలు. వాటి ప్రకారం నాలుగు, అంతకు మించిన వరుసల రోడ్డుపై కారుకు 2007-08 మూల రేటు కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకు లేదా లారీకి 2 రూపాయల 20 పైసలు. మూల రేటుపై ఏటా 3 శాతం, దానితోపాటు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. కొత్త రేట్లు సాధారణంగా ఏప్రిల్ 1న అమల్లోకి వస్తాయి. ద్విచక్ర వాహనాలకు టోల్ లేదు.

బిఓటి రోడ్డు గుత్తేదారు గడువు ముగిశాక టోల్ 40 శాతానికి తగ్గాలని పాత నిబంధన ఉండేది. 2023 సవరణతో ఆ తగ్గింపు పోయింది. అంటే రోడ్డు ఖర్చు తీరిన రోజున ఇది ఉచిత రహదారిగా మారుతుందన్న ఆశ పెట్టుకోవడానికి ఇప్పుడు ఆధారం లేదు.

ఎవరికి ఏది కలిసివస్తుంది?

రోడ్డును ఎంచుకునే వీలు లేనప్పుడు మిగిలేది చెల్లింపు పద్ధతిని ఎంచుకోవడం. తేడా పెద్దగా ఉండేదీ అక్కడే.

24 గంటల్లోపు తిరిగి వస్తే రానుపోనుకు కట్టాల్సింది ఒక వైపు టోల్‌కు ఒకటిన్నర రెట్లు. నెలవారీ పాస్‌లో 50 ప్రయాణాలకు మూడింట రెండు వంతుల ధర, అంటే దాదాపు 33 ప్రయాణాల డబ్బు. రోజూ వెళ్లి అదే రోజు వచ్చే వ్యక్తికి నెలలో 23 రోజులు తిరిగితేనే ఈ పాస్ లాభం. 22 రోజుల వరకు రానుపోను రాయితీయే చౌక.

ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత వాహనాలకు ఇంకా చౌకైన స్థానిక పాస్ ఉంది. అయితే సర్వీసు రోడ్డు లేదా ప్రత్యామ్నాయ రోడ్డు అందుబాటులో ఉంటే ఆ పాస్ ఇవ్వనక్కర్లేదని నిబంధనే చెబుతోంది. టోల్ లేని దారి ఉందా లేదా అన్న మాటకు చట్టంలో నిజంగా డబ్బు విలువ ఉన్న చోట్లలో ఇదొకటి.

2025 ఆగస్టు 15న వార్షిక పాస్ వచ్చింది. మొదట దాని ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అది. ఒక ప్లాజా దాటితే ఒక ప్రయాణం. కోల్‌కతా వెళ్లి వస్తే రెండు ప్లాజాలు నాలుగుసార్లు దాటాలి. పాస్‌ను పూర్తిగా వాడుకుంటే దాటింపుకు 15 రూపాయల చొప్పున మొత్తం 60 రూపాయలు. నెలకు నాలుగుసార్లు వెళ్లేవారికి ఇది బాగా కలిసివస్తుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారికి అనవసరం. శ్రీకాకుళం వైపు కారులో వెళ్లే అలవాటుంటే లెక్క మారుతుంది. ఆ దారి దాదాపు 650 కిలోమీటర్లు. 60 కిలోమీటర్లకు ఒక ప్లాజా అన్న సాధారణ నియమం ప్రకారం చూసినా ఒక వైపుకే పది దాకా దాటింపులు అవుతాయి.

ఈ పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. ట్యాక్సీ నడిపే వ్యక్తికీ, సరుకు లారీకీ వర్తించదు. ఆ భారం చివరికి కిరాయిలోనూ సరుకు ధరలోనూ కలుస్తుంది.

నది దగ్గర నిజమైన ఎంపిక

రెండు దారులూ పక్కపక్కన ఉన్న చోటు ప్రయాణం చివర్లో వస్తుంది. హుగ్లీ దాటడానికి 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు ఉంది. దానికి టోల్ ఉంది. అది జాతీయ రహదారుల ప్లాజా కాదు కాబట్టి వార్షిక పాస్ పనిచేయదు. 1943 నాటి హౌరా వంతెనపై టోల్ లేదు, రద్దీ మాత్రం ఎక్కువ. ఉత్తరాన దక్షిణేశ్వర్ దగ్గర ఈ పోలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పాత వివేకానంద సేతును ఆనుకున్నట్టే 2007లో నివేదితా సేతు వచ్చింది. పాతదానికి టోల్ లేదు, కొత్తదానికి ఉంది.

1920లో బ్రిటిష్ ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ సరిగ్గా ఇలాంటి రెండు రోడ్ల ఉదాహరణ తీసుకున్నారు. మంచి రోడ్డు మీదికి అందరూ వస్తే దాని మేలు రద్దీలో కరిగిపోతుంది, కాబట్టి దానిపై కొంత రుసుము పెట్టడం అందరికీ మంచిదన్నది ఆయన వాదన. ఆ వాదన నిలబడాలంటే రెండో రోడ్డు ఉండాలి. తొందర ఉన్నవారు డబ్బిచ్చి సమయం కొనుక్కుంటారు, లేనివారు సమయమిచ్చి డబ్బు మిగుల్చుకుంటారు.

అమెరికాలో చాలామంది తెలుగువారున్న ఆస్టిన్ నగరం దగ్గర దీనికి మరో ముఖం కనిపించింది. ఆస్టిన్-శాన్ ఆంటోనియో మధ్య ఉచిత రహదారి ఐ-35 కిక్కిరిసి ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి స్టేట్ హైవే 130 దక్షిణ భాగాన్ని 2012లో తెరిచారు. గంటకు 85 మైళ్ల వేగం అనుమతించారు. అయినా అనుకున్నంత మంది టోల్ కట్టలేదు. నడిపిన సంస్థ 2016లో దివాలా రక్షణ కోరింది. ఎంపిక ఉన్నచోట డ్రైవరు కాదనగలడు, రోడ్డు యజమాని నష్టపోగలడు.

డెబ్రా దగ్గర డ్రైవరుకు ఆ వీలు లేదు. ఎంపిక లేనిచోట రోడ్డు నాణ్యతను ఎవరు అడగాలి? కేరళలోని పాలియెక్కర ప్లాజా విషయంలో 2025 ఆగస్టులో హైకోర్టు టోల్ వసూలును తాత్కాలికంగా ఆపింది. ఆ ఉత్తర్వులో జోక్యానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. గుంతల్లో, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవారి నుంచి పూర్తి రుసుము అడగడం సరికాదన్నది ఆ వివాద సారం. రోడ్డు సేవ ఇవ్వనప్పుడు టోల్‌ను ప్రశ్నించవచ్చని అది చూపింది.

రైలు మాటేమిటి?

ఖరగ్‌పూర్-హౌరా రైలు దూరం 115 కిలోమీటర్లు. లోకల్ రైళ్లూ ఉన్నాయి, ఎక్స్‌ప్రెస్‌లూ ఉన్నాయి. ఒక్కరో ఇద్దరో వెళ్లేటప్పుడు పెట్రోలు, టోల్, వంతెన రుసుము, పార్కింగ్ కలిపి చూస్తే రైలుతో కారు పోటీపడలేదు. నలుగురు, సామాన్లు, ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లు ఉంటే కారే నయం కావచ్చు. న్యూ సెటిల్‌మెంట్ కుటుంబం ముందున్న అసలు ఎంపిక ఇదే. రోడ్డే ఎంచుకుంటే ఏడాదిలో ఎన్నిసార్లు ప్లాజా దాటుతారో ముందు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే పాస్ కొనడం మంచిది.